పాత మోటారు కార్లు - పటములు, జ్ఞాపకములు



నేటి ప్రసంగ విషయము వినగానే గ్రామములందలి పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. ఇంగ్లండు దేశమున పూర్వము తయారైన చిన్న పరుగు కార్లను కొని యేలుకొన్న వారును, కొని అమ్ముకొన్న వారును ఒక్కచోట కూడి, వాని ఫోటోలను ఒకరికొకరు చూపుకొనుచు, తమ జ్ఞాపకములను చెప్పుకొనుచుందురు. ఈ వేడుక ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలలోను, మన దేశపు పెద్ద పట్టణములలోను ఏండ్ల తరబడి సాగుచున్నది. నాగావళి, వంశధార, చంపావతుల ఒడ్డున వరియు, నువ్వులును పండించుకొను మనకు దీనితో నేమి పని యని మీరడుగుదురు. పని కలదు. వారికి కారు ముఖ్యము. మనకు ముఖ్యమైనది, వారు ఒక పటమును చేత పట్టుకొని అడుగు ప్రశ్నల వరుస. ఆ ప్రశ్నలను మన యిండ్ల పెట్టెలలోని పటములను గూర్చి మనము నేడడుగకున్నచో, మఱి కొన్ని యేండ్లకు జవాబు చెప్పువారే యుండరు.

ముందుగా ఈ కార్లెట్టివో చెప్పెదను. మన యూళ్ళలో గూడుబండి వేఱు, పందెపు బండి వేఱు. గూడుబండిలో ఇల్లాలు, పిల్లలు, పెట్టె బేడా అన్నియు ఎక్కును. పందెపు బండికి గూడుండదు, బరువుండదు. తోలువాడును, ఎడ్లును చాలును. ఆంగ్లేయుల పరుగు కారును అట్టిదే. ఇద్దఱు కూర్చుండుటకు మాత్రమే చోటు. నేలకు దగ్గఱగా వంగిన యాకారము. కావలసినప్పుడు వేసి, అక్కఱ తీరగనే మడచి పెట్టు గుడ్డ కప్పు. వాన వచ్చినచో తడియుదురు, ఎండ కాసినచో మాడుదురు. అయినను దానిని నడపిన వారు జీవితాంతము మఱవరు.

ఆక్స్‌ఫర్డు పట్టణమున విలియం మారిస్ అను నాతనికి మోటార్లమ్ము సంస్థ యొకటి యుండెడిది. దాని పేరు మారిస్ గ్యారేజెస్. 1922లో దానికి మేనేజరైన సిసిల్ కింబర్ సాధారణమైన మారిస్ కారు చట్రముపై తేలికయైన పైభాగము కట్టించి, చూపునకు ఇంపుగను, పరుగునకు అనువుగను చేయించెను. ఆ సంస్థ పేరులోని రెండు మాటల మొదటి అక్షరములను బట్టియే ఆ కార్లకు ఎం.జీ. అను పేరు వచ్చినది. ఎనిమిది మూలల చిహ్నము దాని గుర్తు. 1929లో ఈ పని ఎబింగ్డన్ అను చిన్న పట్టణమునకు మాఱినది. కింబర్ 1945 ఫిబ్రవరిలో లండనులో జరిగిన రైలు ప్రమాదమున మరణించెను. ఆ సంవత్సరము చివరనే, యుద్ధము ముగిసిన వెనుక, ఎం.జీ. టీ.సీ. అను ప్రసిద్ధమైన కారు వెలువడినది. 1949 వఱకు అట్టివి సుమారు 10,000 తయారైనవి.

ఈ టీ.సీ. కారును గూర్చి మన వడ్రంగులు వినదగిన మాట యొకటి కలదు. దాని క్రింది చట్రము ఉక్కు. పైరేకులను నిలిపి యుంచు ఎముకల గూడు మాత్రము యాష్ అను చెట్టు కొయ్య. కొయ్యను కోసి, వంపులు తీర్చి, దానిపై రేకు తొడిగెడివారు. పనసకొయ్య గుణము బొబ్బిలి వీణెలు చేయువారికెట్లు తెలియునో, యాష్ కొయ్య గుణము ఆ పనివారికి అట్లు తెలిసియుండెను. ఇప్పుడు ఆ కార్లను బాగుచేయువారు మొట్టమొదట రేకును గాక, లోపలి కొయ్య పుచ్చినదా లేదా యని పరీక్షింతురు.

విలియం లయన్స్ అను మఱియొకడు 1922లో బ్లాక్‌పూల్ పట్టణమున మోటారు సైకిళ్ళకు ప్రక్కబండ్లు చేయుటతో పని మొదలుపెట్టెను. 1945లో ఆతని సంస్థకు జాగ్వార్ అను పేరు స్థిరపడినది. 1948లో లండను ప్రదర్శనమున ఆ సంస్థ చూపిన కారు పేరు ఎక్స్.కే. 120. ఆ 120 యనునది గంటకు పోగల మైళ్ళ సంఖ్య. ట్రయంఫ్, ఆస్టిన్ హీలీ మొదలైన వారును ఇట్టి కార్లనే చేసిరి. యుద్ధానంతరము విదేశ ద్రవ్యము సంపాదింపవలసిన అవసరముచేత ఇంగ్లండువారు వీనిలో అధిక భాగమును పరదేశములకు పంపిరి. 1962 మొదలు 1980 వఱకు తయారైన ఎం.జీ.బీ. కార్లు 5 లక్షలకు మించినవి. 1980లో ఎబింగ్డన్ కర్మాగారము మూతపడినది. నేడు మన రోడ్లపై ఎం.జీ. చిహ్నముతో తిరుగు కొత్త కార్లు పేరుచేత మాత్రమే ఆ పాతవానికి వారసులు. ఆ పేరు ఇప్పుడు చైనా దేశపు సంస్థది.

కర్మాగారములు పోయినను, సంఘములు మిగిలినవి. ఎం.జీ. కార్ల వారి సంఘము 1930లోనే ఏర్పడి నేటికిని నడచుచున్నది. ఆ సంఘములలో ఒకడొక పటము తెచ్చును. తక్కినవారు దానిని చుట్టుముట్టి ప్రశ్నింతురు. ఇది ఏ సంవత్సరపు కారు? చట్రముపై సంఖ్య యెంత? ఏ యూరిలో తీసిన పటము? వెనుక కనబడు అంగడి పలకపై నేమి వ్రాసియున్నది? ప్రక్కన నిలిచిన వారెవరు? కారు తరువాత ఎవరి చేతికి పోయినది? ఒకడు చెప్పిన మాటను మఱియొకడు సవరించును. కప్పునుండి నీరు కాఱి ఒడిలో పడిన సంగతియు, చలికాలపు ఉదయమున ఇంజను లేవక మొండికెత్తిన సంగతియు నవ్వుచు చెప్పుకొందురు. కారులోని లోపములను దాచరు. లోపములే వారికి ఎక్కువ జ్ఞాపకము.

మాట యొక్కటియే చాలదని వారెఱుగుదురు. గేడన్ అను చోట బ్రిటిష్ మోటారు మ్యూజియమొకటి కలదు. మూతపడిన అనేక కర్మాగారముల చిట్టాలు అందు భద్రముగ నున్నవి. చట్రపు సంఖ్య తెలిపి రుసుము చెల్లించినచో, కారు ఏ దినమున కర్మాగారమును వీడినదో, మొదట దానికే రంగు వేసిరో, ఏ దేశమునకు పంపిరో తెలుపు పత్రమును ఇత్తురు. ముప్పది యేండ్లుగా తన కారు మొదటినుండియు ఎఱుపని చెప్పుకొను వాడు, అది పుట్టినప్పుడు ఆకుపచ్చ యని ఆ పత్రముచే తెలిసికొనవచ్చును. పటము, జ్ఞాపకము, చిట్టా ఈ మూడును కలిసినప్పుడే వారు సంగతిని నమ్ముదురు. మన వ్యవహారములలో అడంగలు, దస్తావేజు, పెద్దమనిషి నోటిమాట మూడును చూడమా? ఇదియు నట్టిదే.

ఇక మన దేశపు సంగతి. ఇట్టి పరుగు కార్లు మన దేశమునకు వచ్చినవి కొద్ది. జమీందారులును, సంపన్నులును తెప్పించుకొన్న విదేశపు కార్లలో అధిక భాగము పెద్దవి, కుటుంబమునకు పనికివచ్చునవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముచేత జమీందారీలు పోయినవి. స్వాతంత్ర్యానంతరము విదేశపు కార్ల దిగుమతిపై కఠినమైన నిర్బంధములు వచ్చినవి. విడిభాగములు దొరకుట కష్టమయ్యెను. అందుచేత పాత కార్లు కొన్ని చేతులు మాఱినవి. కొన్ని షెడ్డులలో చెదలకును, సముద్రపు ఉప్పుగాలికిని ఆహుతియైనవి. కొన్ని తూకమునకు పోయినవి.

అయినను ఆ పరుగు కార్ల చుట్టములు మన యూళ్ళకు వచ్చిరి. 1955లో వెలువడిన ఎం.జీ.ఏ. అను కారునకు 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను పెట్టిరి. కలకత్తా చెంత ఉత్తరపారాలో 2014 వఱకు తయారైన మన అంబాసిడరు కారులో చిరకాలము నడచినదియు 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనే. రెండును ఒక్క వంశమునవి. పరుగు కారులో రెండు కార్బురేటర్లు, మనదానిలో ఒకటి. అట్లే 1961 మొదలు మద్రాసులో స్టాండర్డు హెరాల్డు అను చిన్న కారును చేసిరి. దాని మూలమైన ట్రయంఫ్ హెరాల్డు చట్రమునే కొంత కుదించి 1962లో ఇంగ్లండువారు స్పిట్‌ఫైర్ అను పరుగు కారును చేసిరి. పెండ్లికి అంబాసిడరు కారెక్కిన వరుడును, డాక్టరుగారి హెరాల్డులో ఆసుపత్రికి పోయిన రోగియు తామెఱుగకయే ఈ కథలో పాత్రధారులైరి.

తెలుగువారిలో మోటారు బండియు, కెమెరాయు రెండును ప్రేమించిన మహనీయుడొకడు కలడు. కోయంబత్తూరు ప్రాంతమున కలంగల్ గ్రామమునందు 1893లో తెలుగు కుటుంబమున జన్మించిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళని ఊళ్ళ నడుమ ఒక్క బస్సు నడపుటతో మొదలుపెట్టి గొప్ప రవాణా సంస్థను నిర్మించిరి. 1936లో లండనులో ఐదవ జార్జి రాజు అంత్యయాత్రను స్వయముగ చలనచిత్రముగ తీసిరి. 1974లో ఆయన గతించిరి. ఆయన పేర నున్న ధర్మసంస్థవారు 2015లో కోయంబత్తూరున పాత కార్ల ప్రదర్శనశాలను తెఱచిరి. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున నిజాముల నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు నేటికిని చూపఱకు కనబడును. అది పరుగు కారు కాదు, ఊరేగింపు కారు. స్టేట్స్‌మన్ పత్రికవారు ఢిల్లీలో 1964 నుండియు, కలకత్తాలో 1968 నుండియు పాత కార్ల ఊరేగింపులను నడపిరి. 2021లో కేంద్ర ప్రభుత్వమువారు 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడని బండ్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను ఏర్పఱచి, సంఖ్యాఫలకముపై వీ.ఏ. అను అక్షరములను నియమించిరి. పాత బండి తుక్కు కాదు, చరిత్ర యని ప్రభుత్వమును అంగీకరించినట్లే కదా.

ఇంతవఱకు చెప్పినది సంపన్నుల మాటవలె నున్నదని మీరు తలపవచ్చును. కారు కొన్నవాడు సంపన్నుడే. కాని ఆ కారు సంగతి నిజముగ తెలిసినవాడు అతడొక్కడే కాడు. దానిని తోలినవాడు, తుడిచినవాడు, బురదలో దిగబడగా త్రోసినవాడు, విఱిగిన పట్టా కమ్మెను కొలిమిలో కాచి అతికినవాడు, వీరందఱును దాని సంగతి యెఱుగుదురు. నేను ఉద్యోగము చేయు దినములలో ఒక గ్రామమున ఒక వృద్ధురాలి యింట గోడపై నొక పటమును చూచితిని. పెద్ద కారు, దాని ముందు కుర్చీలో తలపాగాతో నొక దొరగారు, కారు ప్రక్కన ఖాకీ చొక్కాతో, తలుపుపై చేయి వేసి, నిటారుగ నిలిచిన మఱియొక మనిషి. ఆ దొరగారి వంశమంతయు ఆమె చెప్పెను. ఈ నిలుచున్నవారెవరమ్మా యని నేనడిగితిని. ఆమె కొంతసేపు పటమును చూచి, "కారు ఎవులిదో తెలుసును బాబూ, తోలినోడు ఎవులో తెలీదు" అనెను. పటమును దించి వెనుక చూచితిమి. ఒక్క అక్షరమును లేదు. ఆ మనిషికిని ఎక్కడనో మనుమలుందురు. తమ తాతగారి ముఖము ఆ గోడపై నున్నదని వారెఱుగరు, ఎఱిగించువారును లేరు.

ఆ డ్రైవర్లకు తెలిసిన విద్య యేదియు పుస్తకములకెక్కలేదు. పూర్వపు కార్లను లేపుటకు ముందు భాగమున ఇనుప హ్యాండిలు పెట్టి త్రిప్పవలెను. సాలూరు లారీలకు పేరుపడ్డ యూరు. అచ్చట చిరకాలము బండ్లు తోలిన వృద్ధుడొకడు ఆ హ్యాండిలు పట్టు విధమును నాకు చేతితో చూపెను. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ సరసనే ఉంచవలెనట. ఎదురుగ చుట్టి పట్టరాదట. ఇంజను వెనుకకు తన్నినచో ఆ వ్రేలు విఱుగును. పూర్వపు గేర్లు మార్చుటకు క్లచ్చిని రెండుమాఱులు త్రొక్కవలెను. చప్పుడు విని సమయమెఱిగి మార్చవలెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కఱవై బస్సులను బొగ్గు వాయువుతో నడపిరి. తెల్లవాఱక మునుపే క్లీనరు లేచి, కుంపటి రాజేసి, గాలిచక్రము త్రిప్పి, వాయువు పుట్టించెడివాడని మా పెద్దలు చెప్పగా వింటిమి. ఆ క్లీనరు కుఱ్ఱలలో నేడు బ్రదికియున్నవారు అత్యల్పులు. వారి మాటను విన్న కొడుకులే ఇప్పుడు వృద్ధులైరి.

కారు లేనివారి యిండ్లలోను కారు పటములు కలవు. తిరునాళ్ళలో ఫోటోలు తీయువారు అట్టతో చేసి రంగులు పూసిన కారునుంచెడివారు. క్రొత్త దంపతులు దాని వెనుక కూర్చుండి, ఉత్త స్టీరింగు పట్టుకొని పటము తీయించుకొనెడివారు. దానిని చూచి నవ్వవలదు. ఆ పటముననున్న నవ్వు అట్టది కాదు. ఏ జాతర, ఏ సంవత్సరము, ఎవరెవరు అని వ్రాసి పెట్టినచో, నిజమైన కారు పటముకంటె అది యొక మెట్టు తక్కువ కాదు.

జ్ఞాపకమును వెంటనే నమ్మరాదనియు చెప్పవలెను. మన కథలు చెప్పిన కొలది పెరుగును. గంటకు 40 మైళ్ళు పోయిన కారు కొడుకు కాలమునకు 60 మైళ్ళు పోవును, మనుమని కాలమునకు గాలిలో తేలును. కావున పటము సాక్ష్యమును అడుగవలెను. సంఖ్యాఫలకముపై ఏ.పీ. 30 అనిగాని, ఏ.పీ. 35 అనిగాని యున్నచో ఆ పటము 1989కి పూర్వపుది కానేరదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలకు ఆ అంకెలు అప్పటినుండియే వచ్చినవి. ఏ.పీ. 39 అని యున్నచో 2019 తరువాతది. పటము వెనుక గంజాము జిల్లా, చికాకోలు అని యున్నచో పరాయి యూరిదని త్రోసివేయకుడు. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడు వఱకు శ్రీకాకుళము గంజాము జిల్లాలోనిది. పిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో వేఱు జిల్లా అయినది. విజయనగరము జిల్లా 1979లో ఏర్పడినది. ఊరి పేరు మాఱకున్నను జిల్లా పేరు మాఱుటచేత ఎన్నో పటములు దారి తప్పినవి.

ఇక మనము చేయవలసిన పని చెప్పి ముగించెదను. ఇది ఖర్చులేని పని. పండుగకు పిల్లలింటికి వచ్చినప్పుడు పెట్టెలోని పటములను తీయుడు. అద్దమునకు అంటుకొన్నదానిని లాగకుడు, చిత్రము ఊడివచ్చును. అద్దముతోనే యుంచి, మనుమని చేతి ఫోనుతో నకలు తీయింపుడు. తక్కినవాని వెనుక మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ, నాలుగు సంగతులు వ్రాయుడు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పగా వ్రాసితిమి. సంవత్సరము సరిగ తెలియనిచో, ఏ తుపానుకు ముందో, ఏ పెండ్లికి తరువాతనో వ్రాయుడు. కుర్చీలో కూర్చున్నవారి పేరు మాత్రమే వ్రాసి ఊరకుండకుడు. నిలుచున్నవారి పేరును అడుగుడు. మీ యూరిలో పాత డ్రైవరు గాని, మెకానిక్కు గాని యున్నచో ఆ పటమును ఆయన చేతికిచ్చి చూపుడు. మీరు అడుగని సంగతులు ఆయనయే చెప్పును.

ఇంగ్లండులో తన పాత కారును అమ్ముకొని నలువది యేండ్లైన వాడు సైతము దాని చట్రపు సంఖ్యను కంఠస్థముగ చెప్పగలడు. ఇనుమునకు వారిచ్చు పాటి గౌరవము మనము మన మనుష్యులకీయలేమా? తలుపుపై చేయి వేసి నిలిచిన ఆ ఖాకీ చొక్కా మనిషి వంటివారు మన రెండు జిల్లాలలో ఎన్ని గోడలపై నున్నారో! వారిలో కొందఱి పేర్లైనను తెలిసినవారు ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలలో నుందురు. ఆ పేర్లు మీతో పోకుండ పెన్సిలు చేతికి తీసికొనుడని వేడుచు సెలవు తీసికొనుచున్నాను.